తూటాల బెల్టుకు లూపులు: అల్లాలా, కుట్టాలా, విడిగా తగిలించాలా?

అమెరికా పడమటి సీమ పాతకాలపు తరహాలో తోలు బెల్టు చేద్దామనుకున్నవాళ్లు నడుం కొలత, బకిల్, హోల్‌స్టర్ (తుపాకీ ఒర) దాకా పెద్దగా తడుముకోకుండానే వస్తారు. ఆగిపోయేది లూపుల దగ్గర. ఇరవై పాతిక తూటాలు వరసగా నిలబడాలి. వంగినా, గుర్రమెక్కినా, పరుగెత్తినా ఒక్కటీ జారకూడదు. కావాల్సినప్పుడు మాత్రం రెండు వేళ్లతో పట్టుకుంటే వచ్చెయ్యాలి. దీనికి నాలుగు పద్ధతులున్నాయి. దేని అభిమానులు దాన్ని గొప్పదంటారు. నిజానికి మీ తుపాకీ ఏది, బెల్టు ఎందుకు కడుతున్నారు అన్నవాటిని బట్టే పద్ధతి తేలుతుంది. అందుకే ముందు కొలబద్దలు చెప్పి, తర్వాత ఒక్కో పద్ధతినీ వాటి పక్కన పెడతాను.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది: పట్టూ విడుపూ

బిగువుగా చేసిన లూపు వాడగా వాడగా సర్దుకుంటుంది. మొదట్లోనే వదులైన లూపు ఎప్పటికీ బిగవదు. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా, తూటా మొదటిసారి కాస్త బలం పెడితేనే లోపలికి వెళ్లేలా చెయ్యాలి.

పట్టును తేల్చేది మొదట తోలు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలే కావాలి. మన దక్షిణాదిలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో పదును చేసే పద్ధతి పాతదే. అలాంటి తోలును తడిపి ఒక ఆకారంలో పెట్టి ఆరబెడితే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు ఎంత తడిపినా మళ్లీ మెత్తగా చదునైపోతుంది, దానితో చేసిన లూపు తూటా తియ్యగానే నోరు మూసుకుంటుంది. కొనేటప్పుడు కోసిన అంచు చూడండి. బెరడు తోలుకు అంచు గోధుమ రంగులో ఉంటుంది, రంగు వెయ్యని క్రోమ్ తోలుకు నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తుంది.

రెండోది ఆ తోలులో ఏ భాగం అన్నది. పొట్ట వైపు తోలు సాగుతుంది, లూపులకు పనికిరాదు. వీపు వైపు తోలులోంచి, వెన్నెముక వెంబడి పొడవుగా పట్టీ కోయాలి. మందం 1.4 నుంచి 1.8 మి.మీ. ఉంటే చాలు. అమెరికా కొలతలో 4 ఔన్సుల తోలు అంటే దాదాపు ఇదే (ఒక ఔన్సు అంటే 0.4 మి.మీ.). అంతకన్నా మందమైతే మెలిక సరిగ్గా తిరగదు, పలచనైతే ఏడాది తిరక్కుండానే వదులైపోతుంది.

మూడోది లూపు ఎత్తు. పాత రివాల్వర్ తూటాల్లో ఒక రకమైన .45 కోల్ట్‌కు డొల్ల (మందుగుండు ఉండే లోహపు గొట్టం) 32.6 మి.మీ. పొడవుంటుంది. దానికి 22 నుంచి 25 మి.మీ. ఎత్తు లూపు పెడితే పైన తూటా అడుగు అంచు దగ్గర వేళ్లకు పట్టు దొరుకుతుంది, కింద గుండు కొన బయటకు వస్తుంది. కొన బయటకు రావడం చాలా ముఖ్యం. తీసేటప్పుడు చాలామంది కింద నుంచి వేలితో పైకి నెట్టి, తర్వాత అంచు పట్టుకుని లాగుతారు. లూపు మరీ ఎత్తైతే ఈ రెండూ కుదరవు.

బెల్టు బలం

దీన్ని లెక్క వేసి చూసుకునేవాళ్లు తక్కువ. బెల్టు మీద లాగుడు పడేది పొడవునా. కొన్ని పద్ధతుల్లో లూపుల తోలు దూర్చడానికి బెల్టుకు చీలికలు కోస్తారు, అవి దానికి అడ్డంగా పడతాయి. 75 మి.మీ. వెడల్పు బెల్టులో 25 మి.మీ. చీలిక కోస్తే ఆ చోట మూడో వంతు తోలు లాగుడుకు అక్కరకు రాదు. బెల్టు 63 మి.మీ. వెడల్పే అయితే పోయేది నూటికి నలభై పాళ్లు. అదే 25 మి.మీ. కుట్టు వరసలో ఏడెనిమిది రంధ్రాలు, ఒక్కోటి 1 మి.మీ. వేసుకున్నా, 75 మి.మీ. బెల్టులో పోయేది పదో వంతే. బెల్టుకు నిండు రివాల్వర్ ఒకటో రెండో వేలాడుతుంటే ఈ తేడా రెండేళ్లలో కంటికి కనిపిస్తుంది.

ఇంకో రెండు మాటలు: చిలుము, కాలం

ఇత్తడి డొల్ల తోలులో రోజుల తరబడి ఉంటే తోలులోని ఆమ్లాలూ కొవ్వులూ తగిలి ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఇది ఈనాటి ఫిర్యాదు కాదు. 1867లో ఆన్సన్ మిల్స్ అనే అమెరికా సైనికాధికారి లూపులున్న తోలు బెల్టుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లో సైన్యం వాడిన రాగి డొల్లలకు తోలు లూపుల్లో చిలుము పట్టి, అవి తుపాకీలో ఇరుక్కునేవి. 1876 నాటి సైనిక బెల్టులో తోలు మీద కాన్వాస్ తొడిగి, లూపులు కూడా కాన్వాస్‌తోనే పెట్టారు. మిల్స్ చివరికి తోలు వదిలేసి, లూపులతో సహా మగ్గం మీద నేసిన నూలు బెల్టు వైపు వెళ్లాడు. నాలుగు తోలు పద్ధతుల్లో ఏదీ చిలుమును ఆపలేదు. నికెల్ పూత ఉన్న డొల్లలకు కొంత తక్కువ పడుతుంది. తూటాలను లూపుల్లో దాచిపెట్టకుండా, పని అయ్యాక తీసి పెట్టెలో పెట్టుకోవడమే దీనికి మందు. కాబట్టి పద్ధతి ఎంచుకునేటప్పుడు చిలుమును లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

కాలం సంగతి వేరు. 1870ల, 1880ల బెల్టులా కనిపించాలనుకునేవాళ్లకు అల్లిన లూపులూ సరే, కుట్టిన లూపులూ సరే. ఆ రోజుల్లో రెండూ ఉండేవి. తొడ మీదకు జారిన బెల్టు, దాని చీలికలోంచి వేలాడే హోల్‌స్టర్, వెనక వరసగా లూపులు ఉన్న తరహా మాత్రం ఇరవయ్యో శతాబ్దానిది, ఎక్కువగా సినిమాల వల్ల జనానికి తెలిసింది. ఈ రెంటినీ కలిపితే చూసినవాళ్లలో తెలిసినవారు పట్టేస్తారు.

ఒక్క చూపులో నాలుగూ ఇలా ఉంటాయి:

| | చీలికల్లోంచి అల్లిన పట్టీ | మీద కుట్టిన పట్టీ | విడివిడి లూపులు | విడిగా తగిలించే లూపుల పలక |
|---|---|---|---|---|
| బెల్టు బలానికి నష్టం | ఎక్కువ (అస్తరు లేకపోతే) | తక్కువ | ఎక్కువ, అస్తరు తప్పనిసరి | లేదు |
| 24 లూపులకు పట్టీ (.45) | సుమారు 1.1 మీటర్లు, ఒకే ముక్క | సుమారు 90 సెం.మీ. | 24 చిన్న ముక్కలు | లూపుల సంఖ్యను బట్టి |
| కుట్టు పని | చాలా తక్కువ | 25 వరసలు | చాలా ఎక్కువ | తక్కువ |
| వదులైతే బాగుచేయడం | తేలిక | ఆ వరస విప్పి కుట్టాలి | అస్తరు విప్పాలి | పలక మార్చేయడమే |
| తుపాకీ మారితే | పట్టీ మార్చొచ్చు | కష్టం | కష్టం | తేలిక |
| పాతకాలపు రూపు | బాగా నప్పుతుంది | నప్పుతుంది | నప్పుతుంది | అంతగా నప్పదు |

చీలికల్లోంచి అల్లిన పట్టీ

బెల్టుకు నిలువు చీలికలు వరసగా కోసి, ఒకే పొడవాటి పట్టీని ఒక చీలికలోంచి బయటకు తీసి, తూటా మీదుగా తిప్పి, పక్క చీలికలోకి దించుతారు. వెనక నుంచి కొద్ది దూరం నడిపి మళ్లీ పైకి తీస్తారు. రెండు చివర్లలో మాత్రమే కుట్టు పడుతుంది. సూది పని రానివాళ్లకు ఇది వరంలా కనిపిస్తుంది, చూడ్డానికీ ఎంతో అందం.

దీని అసలు గుణం మరమ్మతులో ఉంది. నాలుగేళ్ల తర్వాత లూపులు వదులైతే ఒక చివర కుట్టు విప్పి, పట్టీని వెనక నుంచి ఒక్కో లూపుకూ కాస్త కాస్త లాగి బిగించి మళ్లీ కుట్టేయొచ్చు. పట్టీ మొత్తం పాడైతే కొత్తది అల్లుకోవచ్చు. బెల్టు అలాగే ఉంటుంది.

నష్టం పైన చెప్పిన బలం లెక్కే. దీనికి ఆనాటి పనివాళ్లు చూపిన ఉపాయం నాకు చాలా నచ్చుతుంది. వాళ్ల డబ్బు బెల్టుల్లో పలచటి తోలును పొడవునా మడిచి, గొట్టంలా కుట్టి, లోపల నాణేలు పెట్టుకునేవాళ్లు. లూపుల చీలికలు ముందు పొరకే కోసేవాళ్లు. వెనక పొర చెక్కుచెదరకుండా లాగుడంతా మోసేది. డబ్బు దాచే ఉద్దేశం లేకపోయినా ఆ నిర్మాణాన్ని తీసుకోవచ్చు. అల్లిక ఎంచుకుంటే బెల్టును ఒకే మందపు తోలుతో చెయ్యకండి. ముందు పొర 2 మి.మీ., వెనక పొర 2 మి.మీ. పెట్టి, చీలికలు ముందు పొరకే కోయండి.

చీలిక కోసే తీరులో ఒక జాగ్రత్త ఉంది. ముందు చీలిక రెండు చివర్లలో 2 మి.మీ. గుండ్రటి రంధ్రాలు కొట్టి, తర్వాత వాటి మధ్య కత్తితో కోయాలి. రంధ్రం లేకుండా కత్తితో నేరుగా కోస్తే చీలిక చివర నుంచి తోలు చిరగడం మొదలవుతుంది. ఆ చిరుగు ఎన్ని నెలలకు బయటపడినా బయటపడి తీరుతుంది.

.45 కోల్ట్‌కు ఒక్కో లూపుకు ముందు వైపు 35 మి.మీ. పట్టీ పడుతుంది. చీలికల్లోంచి పోయి రావడానికీ వెనక నడకకూ ఇంకో పది మి.మీ. కలపండి. 24 లూపులకు మీటరు దాటుతుంది. అంత పొడవు, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో, వీపు తోలులో దొరకడం మన దగ్గర అంత సులువు కాదు. దొరక్కపోతే వెనక వైపు నడిచే చోట రెండు పట్టీల చివర్లు పలచన చేసి, అంటించి, కుట్టి కలపొచ్చు. ముందుకు కనిపించదు.

బెల్టు మీద కుట్టిన పట్టీ

మొదటిసారి చేసేవాళ్లకు, రోజూ కట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే. బెల్టు ముఖం మీద పట్టీ పెట్టి, లూపుకూ లూపుకూ మధ్య నిలువుగా ఒక కుట్టు వరస వేస్తారు. బెల్టు తోలు దాదాపు అలాగే మిగులుతుంది, 3.2 నుంచి 4 మి.మీ. మందపు ఒకే పొర చాలు, అస్తరు లేకపోయినా ఫరవాలేదు.

మొత్తం పని కొలతలో ఉంది. .45 కోల్ట్ డొల్ల మందం (అడ్డుకొలత) 12.2 మి.మీ. పట్టీ 1.6 మి.మీ. అనుకుంటే రెండు పక్కలా కలిపి 3.2. కుట్టుకు ఇంకో ఒకటిన్నర. అంటే బెల్టు మీద గీతకూ గీతకూ మధ్య 17 మి.మీ. పట్టీ మీద గీతల దూరం 34 నుంచి 36 మి.మీ. డొల్ల 9.6 మి.మీ. ఉండే .38 స్పెషల్‌కు బెల్టు మీద 14, పట్టీ మీద 28 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. .357 మాగ్నమ్‌కూ అదే మందం కాబట్టి అవే లూపులు సరిపోతాయి.

ఈ అంకెలను నేరుగా బెల్టు మీదకు తీసుకెళ్లొద్దు. మిగిలిన తోలు ముక్క మీద మూడు లూపులు కుట్టి, తడిపి, ఆరబెట్టి, తూటా పెట్టి, ముక్కను నడుం వంపుకు తగ్గట్టు వంచి చూడండి. వంచి చూడటం ఎందుకంటే, బెల్టు నడుం చుట్టూ తిరిగినప్పుడు దాని బయటి ముఖం సాగి లూపు పాదాలు దూరమవుతాయి, లూపు చదునై బిగుసుకుంటుంది. బల్ల మీద సరిగ్గా ఉన్న లూపు నడుం మీద తూటాను వదలకపోవచ్చు. మధ్య లూపు ఏం చెబుతుందో దాన్ని నమ్మండి. చివరి రెండింటికీ పక్కన పొరుగు లేదు కాబట్టి అవి కాస్త వదులుగానే అనిపిస్తాయి.

కుట్టడానికి రెండు మార్గాలున్నాయి. ఒక వరస కుట్టి, చెక్క పుల్ల దూర్చి, పట్టీని దాని మీదకు నొక్కి, పక్కనే తర్వాతి వరస కుట్టుకుంటూ పోవడం ఒకటి. చెయ్యి తిరిగినవాళ్లకు ఇది వేగంగా అవుతుంది, కానీ చెయ్యి అలిసే కొద్దీ లూపులు పెద్దవవుతుంటాయి. బెల్టు మీదా పట్టీ మీదా గీతలు వేసి, రంధ్రాలు విడివిడిగా ముందే కొట్టుకుని, గీతకు గీత కలిపి కుట్టడం రెండోది. దీన్నే పట్టుకోండి. ఇరవై నాలుగో లూపు మొదటిదానిలాగే వస్తుంది. మైనం పట్టించిన దారంతో, రెండు చివర్లా రెండు సూదులతో, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి కుట్టాలి. ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. మామూలు కుట్టు మిషన్ ఈ మందాన్ని కుట్టలేదు. చెప్పులూ బ్యాగులూ కుట్టే బరువైన మిషన్ ఉన్న దుకాణంలో అడిగినా, లేచి ఉన్న లూపుల పక్కన పాదం ఆనడానికి చోటుండదు. పట్టీని చదునుగా పెట్టి కుట్టిస్తే లూపు అసలు రాదు. చేతి కుట్టే నమ్మకం.

దీని లోపం ఒకటే. చేసిన మందానికి కట్టుబడిపోతారు. .38 నుంచి .45కు మారితే మొత్తం విప్పాలి, పాత రంధ్రాలు బెల్టు మీద మిగిలిపోతాయి.

విడివిడి లూపులు

ఒక్కో లూపునూ వేరే ముక్కగా కోసి, రెండు తోకలనూ రెండు చీలికల్లోంచి వెనక్కి దించి, మడిచి కుట్టి, పైన అస్తరు వేసేస్తారు. నిజాయితీగా చెప్పాలంటే చాలామందికి ఇది అక్కర్లేదు. శ్రమ రెట్టింపు, బెల్టుకు చీలికల నష్టం, బాగుచేయాలంటే అస్తరు విప్పాలి. ముక్కలన్నీ తోలులో ఒకే దిశలో కోయకపోతే ఒకటి సాగి, ఒకటి సాగక, వరస పట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది.

ఒక్క సందర్భంలో మాత్రం దీనికి సాటి లేదు. ఒకే బెల్టు మీద రెండు రకాల తూటాలు కావాలి, ఉదాహరణకు రివాల్వర్‌కు పద్దెనిమిది, .45-70 రైఫిల్‌కు ఆరు. రైఫిల్ డొల్ల పొడవే 53 మి.మీ. పైన, దాని లూపు ఎత్తు వేరు, మందం వేరు. విడి ముక్కలతో ఆ కొలతలు దేనికది పెట్టుకోవచ్చు. పాతకాలంలో చాలామందికి ఈ అవసరం రాలేదు. 1878 నుంచి కోల్ట్ రివాల్వర్ .44-40 తూటాకూ దొరికింది. వించెస్టర్ 1873 రైఫిల్‌ది అదే తూటా. ఒకే కొలత లూపులున్న బెల్టు రెండు తుపాకులకూ సరిపోయేది.

ఆ .44-40 గురించే ఇంకో మాట. దాని డొల్ల అడుగున లావు, మూతి దగ్గర సన్నం. సమానంగా ఉన్న చెక్క పుల్ల మీద మలిస్తే లూపు కింది అంచు వదులుగా మిగులుతుంది. పుల్లను కూడా అదే వాలుకు చెక్కుకోవాలి.

విడిగా తగిలించే పలక

ఆరు నుంచి పన్నెండు లూపులను చిన్న తోలు పలక మీద కుట్టి, పలకకు వెనక బెల్టు దూరే సందు పెడతారు. బెల్టు మామూలుదే. తుపాకీ మారితే పలక మారుతుంది, పలక ఇష్టమైన చోటికి జరుగుతుంది. అలా జరగడమే దీని బలహీనత కూడా. తొందరలో చెయ్యి వెళ్లిన చోట తూటా ఉండదు. సందును బెల్టు కన్నా 1 మి.మీ. మించి పెద్దది చెయ్యకపోతే చాలావరకు నిలుస్తుంది. పలక మీద లూపులు పైన చెప్పిన కుట్టు పద్ధతిలోనే చెయ్యాలి, కాబట్టి పెద్ద బెల్టుకు ముందు చేతి సాధనకు ఇది మంచి పని.

మలచడం, ఏ పద్ధతికైనా

లూపులు తయారయ్యాక తడిపి, తూటా మందం ఉన్న చెక్క పుల్లలు అన్నిటిలోనూ ఒకేసారి దూర్చి, గుండ్రటి కొన ఉన్న ఎముక పనిముట్టుతోనో చెంచా కాడతోనో లూపు పక్కల్ని అదిమి, బెల్టును నడుం వంపులో పెట్టి నీడన ఆరనివ్వాలి. ఎండలోనో హీటర్ ముందో పెడితే తోలు పెళుసెక్కుతుంది. అసలు తూటాలతో ఈ పని ఎప్పుడూ చెయ్యకండి. తడి తోలులో ఇత్తడికి ఒక్క రాత్రిలో మరక పడుతుంది, పైగా మందుగుండును అలా అదమడం ప్రమాదం. పుల్ల డొల్లకన్నా అర మిల్లీమీటరు సన్నగా ఉంటే ఇంకా మంచిది.

నూనె విషయంలో చెయ్యి బిగపట్టండి. బెల్టుకు పట్టించినంత నూనె లూపులకు పట్టిస్తే మెత్తబడి పట్టు పోతుంది. పైపైన కొద్దిగా మైనం రుద్దితే చాలు.

ఎవరికి ఏది

అమెరికాలో ఉంటూ కౌబాయ్ యాక్షన్ షూటింగ్ (పడమటి సీమ పాతకాలపు తరహా తుపాకులతో గురి చూసి కాల్చే ఆట) పోటీలకు వెళ్లే మనవాళ్లకు: అక్కడ ఒక్కో రివాల్వర్‌లో ఐదు తూటాలే నింపుతారు, అదీ లోడింగ్ బల్ల దగ్గర. నడుం మీద నుంచి తీసి నింపాల్సింది అప్పుడప్పుడూ వచ్చే రీలోడ్‌కే. దానికి ఇరవై నాలుగు లూపులు అక్కర్లేదు. ఎడమ వైపు ముందుగా, చెయ్యి సహజంగా చేరే చోట, కుట్టిన లూపులు పన్నెండు చాలు. షాట్‌గన్ తూటాలకు వేరే బెల్టు పెట్టుకోండి. 12 గేజ్ తూటా సుమారు 20 మి.మీ. లావు, రివాల్వర్ లూపుల మధ్య ఇమడదు.

అడవిలో వేటకు వెళ్లే అనుమతి ఉన్న దేశాల్లో, రైఫిల్ మారుస్తూ ఉండేవాళ్లకు పలక. ఒకటే రైఫిల్, ఒకటే బెల్టు అనుకుంటే కుట్టిన పట్టీ.

1880ల బెల్టును అచ్చంగా చెయ్యాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు రెండు పొరల బెల్టు మీద అల్లిక. సమయం పట్టినా అది తగిన పని. తోలు పని నేర్చుకుంటున్నవాళ్లు అల్లికలో కుట్టు తక్కువ కదా అని దానితో మొదలుపెట్టాలనుకుంటారు. నేనైతే వద్దంటాను. చీలిక ఒకసారి కోశాక వెనక్కి తీసుకోలేం, కుట్టు విప్పి మళ్లీ వెయ్యొచ్చు.

ఇక నాటకాలకూ సినిమాలకూ దుస్తులు చేసేవాళ్లు. 1971లో కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టినప్పటి నుంచి తెలుగు తెరకు ఈ బెల్టు కొత్త కాదు. ఇక్కడ ముఖ్యమైనది దూరం నుంచి వరస సమానంగా కనబడటం, ఫైటు సీన్లో తూటాలు ఊడి పడకపోవడం. కుట్టిన పట్టీ ఎంచుకుని, లూపు కొలత అర మిల్లీమీటరు తగ్గించి, చెక్కతో చేసి ఇత్తడి రంగు వేసిన తూటాలను లోపల కాస్త జిగురుతో ఉంచేయండి. నిజమైన తూటాల జోలికి అసలు వెళ్లొద్దు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడమే నేరం. షూటింగ్ కోసమన్నా చట్టం వినదు. చెక్క తూటాకు అడుగున 13 మి.మీ. అంచు తిప్పించడం మరవకండి. .45 కోల్ట్ డొల్లకు ఆ అంచు ఉంటుంది, క్లోజప్‌లో మొదట కనిపించేది అదే.